మా ఇంటి చెత్త లెక్క: ఒక ప్రాజెక్టు డైరీ

2024 జూన్ 9, ఆదివారం

పొద్దున ఆరున్నరకి చెత్త బండి విజిల్ వినబడగానే నల్ల కవరు పట్టుకుని కిందికి పరిగెత్తాను. రోజూ వచ్చే ఆవిడ కవరు అందుకుంటుంటే అడుగు చిరిగింది. రాత్రి వాడిన డైపర్లు నాలుగు, వాటితోపాటు మామిడి టెంకలు, పాచిపోయిన అన్నం రోడ్డు మీద పడ్డాయి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. వంగి ఒక్కొక్కటీ ఏరి బండిలో వేసింది. నేను వంగబోతే, "నువ్వుండమ్మా, పాలిచ్చే తల్లివి" అంది. అన్నీ ఎత్తేశాక, "ఇయ్యి విడిగా కాయితంలో సుట్టి ఇయ్యమ్మా. అన్నంలోనే కలిపీస్తే మళ్ళీ ఏరేది మేమే కదా" అని వెళ్ళిపోయింది.

పైకొచ్చి పాపకి పాలిస్తున్నంతసేపూ ఆ మాటే చెవుల్లో తిరిగింది. మా పాపకి ఐదు నెలలు. రోజుకి ఏడు డైపర్లు వాడుతున్నాం. అవి కవర్లోంచి బయటికొచ్చాక ఒక మనిషి చేతిలోకి వెళ్తాయని ఐదు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు నాకు.

అందుకే ఈ నోట్‌బుక్. విశాఖ ఎంవీపీ కాలనీలో అద్దె ఫ్లాటు, మూడో అంతస్తు, తూర్పు వైపు చిన్న బాల్కనీ, నెలలో ఇరవయ్యో తారీఖు దాటితే చెయ్యి బిగపట్టాల్సిన జీతం. ఇవీ మా హద్దులు. ఈ హద్దుల్లోనే చెత్త ఎంత తగ్గుతుందో, ఖర్చు ఎంత తగ్గుతుందో వారం వారం తూచి రాస్తాను. ఊరికే అనుకోవడం కాదు, తూకం వేసి రాస్తాను.

జూన్ 16

మా ఆయన విమానం ఎక్కిన ఒకే ఒక్కసారి కొన్న సూట్‌కేసు తూచే త్రాసు అలమరలో ఉంది. దాని కొక్కేనికి కవరు తగిలించి వారమంతా తూచాం. వంటింటి తడి చెత్త 7.9 కిలోలు, డైపర్లు 7.6 కిలోలు, పాల కవర్లు, అట్టపెట్టెలు, సీసాలూ కలిపి 1.9 కిలోలు. మొత్తం 17.4 కిలోలు. ముగ్గురం మనుషులం, అందులో ఒకరికి ఇంకా పళ్ళు కూడా రాలేదు!

డబ్బు లెక్క కూడా రాశాను. డైపరు ఒక్కోటి 11 రూపాయలు, రోజుకి ఏడు, నెలకి 2,310. పాపని తుడిచే తడి వైప్స్‌కి 450. గిన్నెల సబ్బు, నేల తుడిచే లిక్విడ్, బాత్రూమ్‌ది, బట్టలు మెత్తబడే లిక్విడ్, ఇవన్నీ కలిపి 900 దాకా. మా ఆయన లెక్క చూసి చాలాసేపు మాట్లాడలేదు. "డైపర్లతోనే మొదలుపెట్టు" అన్నారు.

జూన్ 23

మొదటి పొరపాటు వెంటనే చేశాను. తగ్గిద్దామని బయలుదేరి కొనడంతో మొదలుపెట్టాను. గుడ్డ డైపర్లు మూడు, ఒక్కోటి 400 రూపాయలు. పైన బొమ్మలు, పక్కన గుండీలు, లోపల దళసరి మెత్త. చూడముచ్చటగా ఉన్నాయి. తొడిగిన అరగంటకే కారిపోయాయి, పక్క తడిసింది, పాప ఏడ్చింది, నాకూ ఏడుపొచ్చింది. కొత్త మెత్తల్ని నాలుగైదుసార్లు ఉతికితే గానీ తడి బాగా పీల్చవని తర్వాత తెలిసింది. పైగా నేను వాటిని బట్టలు మెత్తబడే లిక్విడ్‌లో ముంచాను. అది నూలు పోగుల మీద పూతలా పట్టేసి నీటిని లోపలికి పోనివ్వదట. అంటే ఆ లిక్విడ్‌కి డబ్బు పెట్టి మరీ గుడ్డను పాడు చేసుకున్నానన్నమాట. ఆ సీసా అయిపోయాక మళ్ళీ కొనను.

ఇంతలో చోడవరం నుంచి అత్తయ్య వచ్చారు. ఆ మూడింటినీ అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టి, "పాత నూలు చీరలు ఉన్నాయా అమ్మా?" అని అడిగారు. మా అమ్మ పురిటికి ఇచ్చి పంపిన మూట విప్పాను. నాలుగు చీరలు. ఉతికి ఉతికి అరచేతిలో పట్టేంత మెత్తబడ్డవి. అత్తయ్య కింద కూర్చుని, చిరుగులున్న చోటు వదిలేసి, 22 అంగుళాల చదరాలుగా 40 ముక్కలు కత్తిరించారు. అంచులు మడిచి మధ్యాహ్నమంతా చేత్తోనే కుట్టారు. పొత్తిగుడ్డలు. ఈ మాట నాకు తెలుసు, మా అమ్మ నోట విన్నాను. మా ఇంట్లోనే మూటలో ఉన్నాయి. నేనే బయట వెతికాను.

జులై 7

పొత్తిగుడ్డల పని ఎలా నడుస్తోందో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పరిచి, ముక్కోణంగా మడిచి, మధ్యలోకి ఇంకో ముక్క పొడుగ్గా నాలుగు మడతలు పెట్టి వేస్తాను. పిన్నీసు వాడను, పాప ఇప్పుడు బోర్లా పడుతోంది. వెడల్పు రబ్బరు నాడా ఉన్న నిక్కరు పైన వేస్తే గుడ్డ జారదు. తడిసిన వెంటనే మార్చాలి, ఇందులో వేరే దారి లేదు. పగలు తొమ్మిదీ పదిసార్లు మారుస్తున్నాం. తడివి ఒక బకెట్టు నీళ్ళలో, మలమైనవి ముందు బాత్రూమ్‌లో కడిగి వేరే బకెట్టులో. తర్వాత మెషిన్‌లో వేడినీళ్ళ ఉతుకు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఆరబెట్టేటప్పుడు అర్థమైంది. కొన్న డైపరు లోపలి మెత్త ఏడెనిమిది పొరలు కలిపి కుట్టినది. విశాఖ గాలిలో తేమ సంగతి తెలిసిందే, జులైలో అది ఆరడానికి రోజున్నర పట్టింది, వాసన కూడా వచ్చింది. చీర ముక్క కట్టేటప్పుడు ఎనిమిది పొరలు, విప్పి దులిపి తీగ మీద వేస్తే ఒకటే పొర. బాల్కనీలో ఫ్యాను గాలికి రెండు గంటల్లో ఆరిపోయింది. నేను అత్తయ్యకి ఈ మాట చెబితే, "ఆరకపోతే మా రోజుల్లో పిల్లలు ఎలా పెరిగారమ్మా" అన్నారు.

రాత్రికి మాత్రం ఒక డైపరు వేస్తున్నాను. నిద్ర లేక నేను ఒకరోజు పాపని ఎత్తుకుని గోడకి తగులుకున్నాను. నాకు నిద్ర కావాలి. ఈ విషయంలో ఎవరేమన్నా మార్చుకోను. వాడిన డైపర్‌ని చుట్టచుట్టి, పాత పేపర్లో పెట్టి, మీద ఎర్ర స్కెచ్‌తో గుర్తు వేసి విడిగా ఇస్తున్నాను. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు కూడా ఇదే చెప్పాయి: తడి, పొడి, హానికర చెత్త మూడూ వేరు చేయాలని, డైపర్లు, ప్యాడ్లు గట్టిగా చుట్టి ఇవ్వాలని. ఇన్నేళ్ళు నేను పాటించలేదు.

తడి వైప్స్ సంగతి ఇంకా సులువుగా తేలింది. మిగిలిన చీర పేలికల్ని చిన్న చదరాలు చేసి, ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకున్నాను. చాలా వైప్స్ ప్లాస్టిక్ పీచుతో చేసినవేనని, గుడ్డలా కుళ్ళవని తెలిశాక ఇక చెయ్యి అటు పోలేదు.

జులై 21

నిన్న రాత్రి మా ఆయన, మరిది సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్ళారు. 32 కిలోమీటర్ల నడక. దారి పొడవునా మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర ఇచ్చేవాళ్ళ పుణ్యమా అని ఎవరూ దాహంతో ఉండరు. కానీ తాగి పడేసిన గ్లాసులు కాళ్ళ కింద పరుచుకుపోతాయి. ఈసారి ఇద్దరి నడుములకీ తలో స్టీలు గ్లాసు తాడుతో కట్టి పంపాను. తెల్లవారి వచ్చాక మా ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, "పద్నాలుగు చోట్ల తాగాను" అని లెక్క చెప్పారు. నేనేం అడగలేదు, తనే లెక్కపెట్టుకున్నారు. ఆ మాటకి ఎంత సంతోషం వేసిందో!

ఆగస్టు 4

ఎరువు బకెట్టు సంగతి రాయాలి. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం అది సరిగ్గా కుదరకపోవడమే.

జూన్ ఆఖర్లో పెయింటరు దగ్గర 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్లు మూడు తీసుకున్నాను, ఒక్కోటి 40 రూపాయలు. శుభ్రంగా కడిగి, మేకు కాల్చి చుట్టూ, అడుగునా రంధ్రాలు పెట్టాం. కింద పాత పళ్ళెం. అడుగున కొబ్బరి పీచు, దాని మీద ఎండుటాకులు, ఆ పైన రోజూ కూరగాయ తొక్కలు, మళ్ళీ పిడికెడు కొబ్బరి పొట్టు.

రెండు వారాలు బాగానే ఉంది. మూడో వారం పుల్లటి కంపు మొదలైంది. మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన. పై అంతస్తు పిన్నిగారు దిగి వచ్చి, "ఏంటమ్మా ఈ వాసన? పసిపిల్ల ఉన్న ఇల్లు" అన్నారు. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. క్షమించమని చెప్పి, ఒక వారం టైమ్ అడిగాను.

పాత పేపర్లు పరిచి బకెట్టు మొత్తం బోర్లించాను. అడుగున ముద్దలా, నల్లగా, నీరు కారుతూ ఉంది. కారణం చూస్తూనే తెలిసింది. సాంబారు అడుగు, గంజి, మజ్జిగ మిగులు అన్నీ అందులోనే పోశాను. తడి ఎక్కువై గాలి ఆడక అది కుళ్ళింది. ఎరువుగా మారడానికి గాలి కావాలి, గాలి లేనిచోట వేరే సూక్ష్మజీవులు చేరి ఆ కంపు పుట్టిస్తాయి. వీధి చివర బాదం చెట్టు కింద రాలిన ఆకులు రెండు సంచులు తెచ్చి, చేత్తో చింపి (బాదం ఆకు పెద్దది, అలాగే వేస్తే పలకలా పరుచుకుని గాలిని ఆపేస్తుంది), గుడ్ల అట్టలు ముక్కలు చేసి మొత్తం కలిపాను. పిడికిట్లో పట్టి పిండితే వేళ్ళ మధ్య తడి తెలియాలి, చుక్కలు రాలకూడదు. అంత పొడి చేశాను.

నాలుగో రోజుకి కంపు పోయింది. వాన వెలిసిన మట్టి వాసన వచ్చింది. పిన్నిగారిని పిలిచి మూత తీసి చూపించాను. ఆవిడ ముందు ముక్కు మూసుకున్నారు, తర్వాత వంగి మళ్ళీ చూశారు.

పురుగుల గురించి కూడా చెప్పాలి. బూడిద రంగు, బియ్యపు గింజ కంటే పెద్దవి, కదులుతుంటే ఒళ్ళు జలదరించింది. అవి నల్ల సైనిక ఈగ పిల్లలట. కుట్టవు, చెత్తని చాలా వేగంగా తింటాయి. నేను వాటికి అలవాటు పడ్డాను అని రాస్తే అబద్ధం అవుతుంది. మూత త్వరగా వేసేస్తున్నాను, అంతే.

నియమం: చేప ముళ్ళు, మాంసం, నూనె, పాలు, పులుసు బకెట్లోకి వెళ్ళవు. సాంబారు అసలు మిగలకుండా వండటం నేర్చుకోవాలి. అది వేరే ప్రాజెక్టు.

ఆగస్టు 18

కుంకుడుకాయల ప్రయోగం ముగిసింది. గిరిజన సహకార సంస్థ కొట్లో కిలో తెచ్చాను. మన్యం నుంచి వచ్చిన సరుకు, ఆ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా మన విశాఖలోనే. గింజ తీసి రాత్రి నానబెట్టి, మరిగించి, పిసికి, వడకట్టి పెట్టుకున్నాను.

తలకి అద్భుతం. పట్టుచీర ఉతికితే మెరుపు పోలేదు. పాప తెల్ల చొక్కాలు మాత్రం నాలుగు ఉతుకుల్లో పసుపు బారాయి. వేపుడు మూకుడు జిడ్డు పోలేదు. రసం మూడో రోజుకే పులిసింది. కాబట్టి బట్టల సబ్బు పొడి ఆపను, గిన్నెల సబ్బు ఆపను, గిన్నెలకి బీరపీచు మాత్రం ఆ ప్లాస్టిక్ స్క్రబ్బర్ స్థానంలో వచ్చేసింది. ముదిరిన బీరకాయ ఎండబెడితే చాలు, అత్తయ్య ఊరి నుంచి ఆరు తెచ్చారు. అన్నీ పాత పద్ధతికి వెళ్ళిపోవాలనే పట్టుదల నాకు లేదు. పనిచేసినదే ఉంటుంది.

అలాగే వంట సోడా, వెనిగర్ కలిపి బాత్రూమ్ కడగమని అందరూ చెబుతున్నారు. నురగ బాగా వస్తుంది. కానీ ఒకటి క్షారం, ఇంకోటి ఆమ్లం, కలిపితే ఒకదాన్ని ఒకటి చంపుకుని మిగిలేది దాదాపు నీళ్ళే. విడివిడిగా వాడితేనే ఉపయోగం. ఇంకోటి గట్టిగా రాస్తున్నాను: బ్లీచింగ్, యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఈ ఒక్కటీ తప్పక గుర్తుండాలి.

సెప్టెంబరు 10

చవితికి మట్టి వినాయకుడు. నిమజ్జనం ఇంట్లోనే బకెట్లో చేసి, ఆ మట్టి కరిగాక పుదీనా కుండీలో పోశాం. మర్నాటి నుంచి ఒకటే వాన. ఆరడం లేదు, తీగలు చాలడం లేదు. మూడు రోజులు పగలు కూడా డైపర్లు వేశాను. నోట్‌బుక్‌లో ఆ వారం డైపర్లు 3.9 కిలోలు అని రాయాల్సి వచ్చింది. బాధగా అనిపించింది గానీ, పాపకి తడి గుడ్డ కట్టలేను కదా.

ఈ నెలలో ఇంకో మార్పు మొదలైంది, అది పూర్తిగా అత్తయ్యది. పాప పాలు తాగాక పది నిమిషాలకి ఆవిడ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, రెండు పాదాలూ కొంచెం ఎడంగా పెట్టి, వాటి మధ్య పాపని కూర్చోబెట్టి "ష్... ష్..." అంటారు. నడుముకి రెండు చేతుల ఆసరా. మొదటి రోజు ఏమీ కాలేదు. నాలుగో రోజు పాప ఆవిడ మొహం చూస్తూ పని కానిచ్చింది. పదో రోజుకి పొద్దున పూట గుడ్డ పాడవడమే మానేసింది. మా అమ్మమ్మ కూడా అలాగే చేసేదని, నా తమ్ముడిని అలా కూర్చోబెట్టడం నేనే చూశానని అప్పుడు గుర్తొచ్చింది. చూశాను గానీ నేర్చుకోలేదు. ఇప్పుడు నేర్చుకుంటున్నాను. ఆవిడ పాదాల మధ్య దూరం, వేళ్ళు పైకి ఎత్తి పెట్టడం, అన్నీ చూసి నేర్చుకోవాల్సినవే.

సెప్టెంబరు 29

మొదటి బకెట్టు ఎరువు సిద్ధం. ఊరికే అనుకోకుండా పరీక్ష పెట్టాను. గుప్పెడు తీసి కవర్లో కట్టి మూడు రోజులు ఉంచి విప్పితే కంపు రాలేదు. జల్లెడ పడితే నాలుగున్నర కిలోలు. నల్లగా, పొడిపొడిగా, కాఫీ పొడిలా. నెల రోజుల తొక్కలన్నీ కలిపి ఇంతే. జల్లెడ మీద మిగిలిన టెంక ముక్కలు, పీచు రెండో బకెట్లోకి వెళ్ళాయి. పిన్నిగారికి స్టీలు డబ్బా నిండా ఇచ్చాను. తులసి కోటలో వేశారట. నిన్నటి నుంచి ఆవిడ ఇంటి తొక్కలు కూడా గిన్నెలో పెట్టి పంపుతున్నారు!

అక్టోబరు 20

పాపకి తొమ్మిది నెలలు. ఉగ్గు ఇంట్లోనే చేస్తున్నాం. బియ్యం, పెసరపప్పు, కొంచెం జీలకర్ర దోరగా వేయించి మిక్సీ పట్టి డబ్బాలో పోస్తాను, చిన్న మొత్తమే, పదిరోజులకి సరిపడా. పొద్దున చోడిపిండి (రాగిపిండి) జావ. డబ్బా పొడి కొనేటప్పుడు నెలకి 600 అయ్యేది. ఇప్పుడు ఎంతవుతోందో విడిగా లెక్క తేలడం లేదు, ఇంటి సరుకుల్లోనే కలిసిపోయింది.

సరుకుల కొట్టు గురించి. డబ్బాలు పట్టుకెళ్తున్నాను. మొదట్లో తూకం దగ్గర తికమక అయ్యేది. కొట్టాయన ఉపాయం చెప్పారు: ఖాళీ డబ్బా ముందు తూచి, అడుగున మార్కర్‌తో ఆ బరువు రాసేశారు. కందిపప్పు డబ్బా 310 గ్రాములు, మినప్పప్పు డబ్బా 285. ఇక ప్రతిసారీ తీసేసుకుంటే సరి. అయితే విడిగా కొంటే ఎప్పుడూ చవకే అనుకోవద్దు. రెండు నెలలు రాసి చూశాను. పప్పులు విడిగా చవక, నూనె, చక్కెర ప్యాకెట్లోనే చవకగా వచ్చిన వారాలున్నాయి. నేను పప్పులు, చింతపండు, మిరపకాయలు, బెల్లం మాత్రం విడిగా తెస్తాను.

రైతుబజార్‌కి పాత లుంగీతో కుట్టిన ఐదు చిన్న సంచులు, ఒక పెద్ద సంచి. పల్చని కవర్ల మీద నిషేధం ఉంది, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చనివి వాడకూడదు, అయినా పచ్చిమిర్చికో కవరు, కొత్తిమీరకో కవరు చేతిలో పెట్టేస్తారు. సంచి నోరు తెరిచి పట్టుకుంటే ఎవరూ కవరు తీయరు. అడగక్కర్లేదు, వాదించక్కర్లేదు, నోరు తెరిచి పట్టుకోవడమే. సంచులు ఇంట్లో మర్చిపోయే సమస్యకి కూడా దారి దొరికింది. తలుపు వెనక కాదు, బండి డిక్కీలోనే పెట్టాను.

చేపలకి స్టీలు క్యారేజీ. చేపలావిడకి మొదట వింతగా అనిపించింది, ఇప్పుడు "నీ కేరేజీ ఇలాగియ్యి" అని తనే అడిగి, ముక్కలు కోసి అందులోనే వేస్తోంది.

నవంబరు 17

నేల తుడవడానికని జులైలో పులియబెట్టిన బత్తాయి, నిమ్మ తొక్కల సీసా తీశాను. అనకాపల్లి బెల్లం ఒక వంతు, తొక్కలు మూడు వంతులు, నీళ్ళు పది వంతులు. మూడు నెలలు ఆగాలి, నాలుగు అయింది. మొదటి నెలంతా రోజూ మూత వదులు చేసి గ్యాసు పోనివ్వాలి. గాజు సీసా వాడకండి, పగులుతుంది. నీళ్ళలో కలిపి నేల తుడిస్తే మరకలు పోతున్నాయి, ఇల్లు పులుపుగా, హాయిగా వాసన వస్తోంది. క్రిములు చంపుతుందని నేను నమ్మను. పాప మలం పడిన చోట మామూలు మందే వాడుతున్నాను.

మంచినీళ్ళు శుద్ధి చేసే మెషిన్ సంగతి కూడా కొలిచాను. లీటరు మంచినీళ్ళు పట్టేలోపు పక్క గొట్టం నుంచి మూడు లీటర్లు పోతున్నాయి. ఆ గొట్టం బకెట్లోకి తిప్పాం. ఆ నీళ్ళు పొత్తిగుడ్డల మొదటి జాడింపుకి, బాత్రూమ్‌కి. మొక్కలకి రోజూ పోయను, ఉప్పులు ఎక్కువ ఉంటాయి.

పడకగది ఫ్యాను కాలిపోయింది. పాతది 75 వాట్లు, రోజుకి పదహారు గంటలు, అంటే 1.2 యూనిట్లు. కొత్తరకం 30 వాట్లది పెట్టాం, అరయూనిట్ కంటే తక్కువ. మిగతా రెండు ఫ్యాన్లు బాగానే తిరుగుతున్నాయి కాబట్టి మార్చం. పనిచేసే వస్తువు పారేసి పచ్చదనం పేరుతో కొత్తది కొనడం నాకు సమ్మతం కాదు. ఆ మూడు డైపర్ల 1,200 రూపాయలు ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉన్నాయి.

2025 జనవరి 26

పాప మొదటి పుట్టినరోజు అయింది. డెబ్బై మంది వచ్చారు. అడ్డాకు విస్తళ్ళు, మన్యంలో కుట్టినవి, వంద తెచ్చాం. గ్లాసులు సప్లయర్స్ దగ్గర స్టీలువి అద్దెకి, ఒక్కోటి రెండు రూపాయలు. కాగితం గ్లాసు లోపల కూడా ప్లాస్టిక్ పొర ఉంటుందని మా మరిదికి చెప్పి ఒప్పించడానికి అరగంట పట్టింది. గ్లాసులు కడగడానికి మనుషులు కావాలి, అది నిజం. మా ఆయన, మరిది, మా తమ్ముడు మేడ మీద కూర్చుని కడిగారు.

మా అమ్మ ఏటికొప్పాక లక్క పిడత తెచ్చింది, అంకుడు కర్రతో చేసినది. పసుపు, ఎరుపు, నలుపు చారలు, మూత తీస్తే లోపల గవ్వంత కుండ. సహజ రంగులే కాబట్టి పాప నోట్లో పెట్టుకున్నా టెన్షన్ లేదు, మూత చిన్నది కాబట్టి అది మాత్రం అత్తయ్య దాచేశారు.

మర్నాడు పొద్దున చెత్త బండి ఆవిడకి సంచి ఇచ్చాను. విస్తళ్ళు, మిగిలిన తొక్కలు ముందే వేరు చేసి ఇచ్చేశాం, ఈ సంచిలో పొడి చెత్త, పేపర్లో చుట్టిన డైపరు ఒకటి. ఆవిడ సంచి ఎత్తి, బరువు లేదని నా వైపు చూసి, "ముందు వారం కూడా ఇంతే ఉంది. ఊరెళ్ళినారేటమ్మా?" అని అడిగింది. లేదు, ఇక్కడే ఉన్నాం అన్నాను. "పాపకి పండగ సేసినారంట, లడ్డూ ఏదీ?" అంది. పైకి పరిగెత్తి తెచ్చాను.

మార్చి 9

ఈ వారం తూకం: డైపర్లు 1.5 కిలోలు (రాత్రికి ఒకటి చొప్పున ఏడు), చేప ముళ్ళు వగైరా 0.6, పొడి చెత్త 1.2. మొత్తం 3.3 కిలోలు. పాల కవర్లు కడిగి ఆరబెట్టి పాత పేపర్ల వాళ్ళకి ఇస్తున్నాం, అవి ఇందులో లేవు. డైపర్ల ఖర్చు ఫిబ్రవరిలో 336. నీళ్ళ వాడకం మాత్రం పెరిగింది, ఎంతని కొలవలేకపోయాను, బట్టల మెషిన్ వారానికి రెండుసార్లు ఎక్కువ తిరుగుతోంది.

మా ఆడపడుచుకి ఏప్రిల్‌లో పురుడు. పాపకి ఇప్పుడు పెద్ద ముక్కలు కావాలి, పగలు చాలావరకు గుడ్డే అక్కర్లేకుండా పోతోంది. చిన్నవన్నీ బయటికి తీశాను. 40లో ఆరు చిరిగి మసిగుడ్డలయ్యాయి, మూడు ఎక్కడ పోయాయో తెలియదు. మిగిలిన 31 ముక్కల్ని మరిగే నీళ్ళలో వేసి, ఉతికి, మేడ మీద ఎండకి వేశాను. అంచుల్లో అత్తయ్య కుట్టు ఎక్కడా ఊడలేదు. సాయంత్రం ఆవిడే వచ్చి మడతలు పెట్టారు, ఒక్కో ముక్కా మోకాలి మీద పరిచి, అరచేత్తో సాగదీసి. పది, పది, పదకొండు. మా అమ్మ చీర కొంగులో చుట్టి మూట కట్టాం.